ట్రోలింగు మోటారు పుట్టుపూర్వోత్తరాలు, దాని మన్నిక మర్మం

ముందుగా మాట సంగతి తేల్చుకొని, తరువాత వస్తువు సంగతికి వెళదాం. తెలుగు పంతులుకు అది వదలని అలవాటు. మన పత్రికలలో ‘ట్రాలింగు’, ‘ట్రోలింగు’ అనే రెండు మాటలూ ఒకదాని చోట ఒకటి దొర్లిపోతూ ఉంటాయి. రెండూ చేపల వేటకు సంబంధించినవే కాని, రెండూ ఒకటి కావు. మరపడవ వెనుక సంచివంటి పెద్ద వలను కట్టి నీటిలో ఈడ్చుకొని పోవడం ట్రాలింగు. గాలానికి ఎర గుచ్చి, దారాన్ని పడవ వెనుక వదలి, పడవను మెల్లమెల్లగా నడుపుతూ, ఆ ఎర ఈదుతున్న చిరుచేపలాగా భ్రమింపజేయడం ట్రోలింగు. మొదటిది వలది, రెండవది గాలానిది. రెండవ మాటకు మూలం వేటకై అటూ ఇటూ తిరుగాడటమనే అర్థంగల పాత ఫ్రెంచి పదమని నిఘంటుకారులు చెబుతారు. అంతర్జాలంలో ఎదుటివారిని రెచ్చగొట్టే పనికి ఈ పేరు రావడానికి కూడా ఈ గాలపు వేటే కారణమని ఒక వాదం. ఎర వేయడం అక్కడా ఉన్నది కదా!

ఈ టపా ఆ గాలపు పడవలకు బిగించే చిన్న విద్యుత్ మోటారు చరిత్ర. ఆ మోటారు ఎంతకాలం మన్నుతుంది, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది ఇందులో ముఖ్యాంశం.

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవికాలం అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట గడిపాను. ‘పదివేల సరస్సుల నాడు’ అని ఆ రాష్ట్రానికి బిరుదు. పది ఎకరాలకు మించిన సరస్సులను లెక్కిస్తే 11,842 అని అక్కడి ప్రభుత్వం వారి లెక్క. బిరుదుకన్న వాస్తవం పెద్దదిగా ఉండటం లోకంలో అరుదైన విషయం. అక్కడి రేవులలో ఏ చిన్న పడవను చూచినా దాని అంచుకు ఒక కడ్డీ బిగించి కనబడేది. కడ్డీ పైకొసన చేతిపిడి, అడుగు కొసన చిన్న సొరకాయంత మోటారు, దానికి రెండు మూడు రెక్కల పంకా. మోటారు నిలువునా నీటిలో మునిగి ఉంటుంది. పడవలో ఒక బ్యాటరీ, దానినుంచి రెండు తీగలు. అంతే సరంజామా. తడి చేతితో స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పుకొంటూ బ్రతికినవాణ్ణి; విద్యుత్తును ఏకంగా నీళ్ళలో ముంచి పని చేయించుకోవడం, అదీ ఇరవై ఏళ్ళపాటు చేయించుకోవడం ఎట్లా సాధ్యమైందో తెలుసుకోవాలనిపించింది.

ఈ కథ అనుకొన్నదానికన్న పాతది. 1838లో రష్యా రాజధాని సెంట్ పీటర్స్‌బర్గులో మోరిట్జ్ యాకోబీ అనే శాస్త్రవేత్త, జారు చక్రవర్తి ధనసహాయంతో, నేవా నదిలో విద్యుత్ పడవను నడిపాడు. పన్నెండు పద్నాలుగు మందిని ఎక్కించుకొని అది ఏటికి ఎదురు కూడా పోయింది. మోటారు పని చేసింది. పని చేయనిది బ్యాటరీ ఖర్చు. ఆనాటి బ్యాటరీలలో జింకు లోహం కరిగిపోతూ విద్యుత్తునిస్తుంది; ఆవిరియంత్రంలో బొగ్గు మండినట్లు ఇందులో జింకు ఖర్చవుతుంది. బొగ్గు ధర ఎక్కడ, జింకు ధర ఎక్కడ! చక్రవర్తి ఖజానాయే ఆ ముచ్చటను ఎంతోకాలం భరించలేకపోయింది.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను ఆమ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ నింపుకోదగిన బ్యాటరీని కనిపెట్టాడు. 1881లో కామీయ్ ఫోర్ దానిని మెరుగుపరచాడు. అదే 1881లో పారిస్‌లో గుస్తావ్ త్రూవే అనే చమత్కారి సేన్ నదిలో ఒక చిన్న పడవ నడిపాడు. అతడు మోటారును పడవ గర్భంలో పెట్టలేదు, చుక్కానికే బిగించాడు. పని అయిపోగానే చుక్కానితో సహా ఊడదీసి చంకలో పెట్టుకొని ఇంటికి పోవచ్చు. ఊడదీసుకొనే పడవ మోటారు అనే ఆలోచన ఈ విధంగా పుట్టింది. నేడు ప్రపంచమంతటా పడవల వెనుక వ్రేలాడే మోటార్లన్నిటికీ అది తాతగారు. ఆ తాతగారు పెట్రోలుతో కాక విద్యుత్తుతో నడిచాడన్నది చాలామందికి తెలియని సంగతి.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో (వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగింది ఆ ప్రదర్శన సందర్భంలోనే) యాభైకి పైగా విద్యుత్ పడవలు అక్కడి కృత్రిమ సరస్సులలో పదిలక్షలకు పైగా జనాన్ని త్రిప్పాయి. పేచీ పెట్టకుండా నడిచాయి. కారణం ఊహించడం కష్టం కాదు: నిశ్చలమైన నీరు, పగలంతా తిరిగి రాత్రికి చేరే ఒకే రేవు, అక్కడ చార్జి చేసే ఏర్పాటు, చూచుకొనేందుకు తెలిసిన మనుషులు. యంత్రం నమ్మకంగా ఉండటమంటే సగం దాని పరిసరాలు నమ్మకంగా ఉండటమే.

ఆ తరువాత పెట్రోలు వచ్చి అన్నిటినీ త్రోసిరాజన్నది. నార్వే నుండి వలస వచ్చి మిల్వాకీలో స్థిరపడిన ఓలీ ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనుక తగిలించే పెట్రోలు మోటారును అమ్మకానికి తెచ్చాడు. తెడ్డు వేసే శ్రమ తగ్గింది, దూరాలు దగ్గరయ్యాయి. కాని గాలం వేసేవానికి ఒక ఇబ్బంది మిగిలింది. ఆ ఇంజన్లు వేగంగా పోవడం ఎరుగును గాని మెల్లగా పోవడం ఎరుగవు. నెమ్మది చేస్తే ప్లగ్గుకు మసి పట్టి ఆగిపోయేవి. పైగా మోత, పొగ. చేప ఉన్న చోటికి ఇంజనుతో చేరి, అక్కడినుంచి మళ్ళీ తెడ్డు పట్టవలసి వచ్చేది. తెడ్డు వేసేవానికి గాలం పట్టే చేతులు మిగలవు.

ఈ ఇబ్బందిలోనుంచే 1934లో నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గో పట్టణంలో ఓ. జి. ష్మిట్ అనే ఆయన చేతిలో ట్రోలింగు మోటారు పుట్టింది. ఆయన చేసింది అతి సామాన్యమైన పని. ఫోర్డు కంపెనీ మోడల్-ఏ కారులోని స్టార్టరు మోటారును, అంటే మన మెకానిక్కులు ‘సెల్ఫు’ అని పిలిచే దానిని, ఊడదీసి దానికి వంగే షాఫ్టును, పంకాను జోడించాడు. ఫార్గో రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్నది; ఏరు దాటితే మిన్నెసోటా. మిన్నెసోటాలోని మొదటి భాగం, డకోటాలోని చివరి భాగం కలిపి ‘మిన్ కోటా’ అని కంపెనీకి పేరు పెట్టారు. సంధి చేయడం మనకే తెలుసుననుకోరాదు! ఇప్పుడు ఆ కంపెనీ మిన్నెసోటాలోని మాంకేటోలో ఉన్నది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసిన విషయం ఉన్నది. కారులో సెల్ఫు మోటారు చేయవలసిన పని రెండు మూడు క్షణాలు. ఒక్క గింజుతో ఇంజనును లేపి పడుకొంటుంది. ఆ రెండు క్షణాలలో అది భయంకరంగా కరెంటు త్రాగుతుంది, వేడెక్కుతుంది. వెంటనే విశ్రాంతి దొరుకుతుంది కనుక బ్రతికిపోతుంది. ష్మిట్ అటువంటి దానిని గంటల తరబడి పని చేయమన్నాడు. ఆ తరువాతి తొంభై ఏళ్ళ చరిత్ర అంతా, కొన్ని క్షణాల కోసం పుట్టినదానికి గంటల ఓర్పు నేర్పడమే.

మొదటి పాఠం వేడి. మోటారును కడ్డీ పైనుంచి అడుగు కొసకు దించి నీటిలో ముంచడంతో ఇది చాలావరకు తీరింది. చల్లని నీరు ఎల్లప్పుడూ ఒంటిని తాకుతూ ఉంటుంది కనుక చిన్న మోటారు కూడా మాడిపోకుండా పని చేస్తుంది. నాకు మొదట భయం కలిగించిన ఏర్పాటే దానికి ప్రాణరక్ష. కాని ఆ మేలుతోపాటు ఒక కీడు కూడా దిగింది. తిరిగే షాఫ్టు మోటారులోనుంచి పంకాలోకి రావాలంటే ఒక రంధ్రం ఉండాలి. రంధ్రం ఉంటే నీరు దూరుతుంది. దానిని అడ్డేది ఉంగరమంత రబ్బరు సీలు.

ఈ సీలుకు శత్రువు నీరు కాదు, దారం. నేను చూస్తూండగానే ఒక సాయంకాలం పొరుగింటి పెద్దాయన తన పడవ మోటారు మూలుగుతున్నదని పైకెత్తి, పంకా ఊడదీశాడు. వెనుక షాఫ్టుకు నూలుకండెకు చుట్టినట్లు గాలపు దారం చుట్టుకొని ఉన్నది. చాకుతో కోసి తీసి చూస్తే సీలు అంచు అప్పటికే అరిగి ఉన్నది. “వేటకు వెళ్ళిన ప్రతిసారీ కాకపోయినా, నాలుగైదుసార్లకు ఒకసారి పంకా తీసి చూడాలి మాస్టారూ, చూడనివాడే కొత్తది కొనుక్కుంటాడు” అని ఆయన అన్నదానిని మా అబ్బాయి నాకు తెలుగు చేసి చెప్పాడు.

ఆ దారానికీ ఒక చరిత్ర ఉన్నది. పూర్వం గాలాలకు పట్టుదారం, నారదారం, గుర్రపు తోకవెంట్రుకలు వాడేవారు. అవి తడికి కుళ్ళిపోయేవి, తెగిపోయేవి. 1938లో డ్యుపాంట్ కంపెనీ నైలానును లోకానికి ప్రకటించింది. ఆ వెనువెంటనే నైలాను గాలపు దారాలు వచ్చాయి. కుళ్ళవు, సులభంగా తెగవు, నీటిలో కనబడవు. 1990ల తరువాత ఇంకా సన్నని, ఇంకా గట్టివైన పాలిథీన్ అల్లిక దారాలు వచ్చాయి. దారం ఎంత బలపడిందో సీలుకు అంత ముప్పు పెరిగింది. సీలు కోసుకుపోతే నీరు లోపలికి చేరి బేరింగులకు తుప్పు పట్టిస్తుంది, కార్బన్ బ్రష్షులను, అవి రాసుకొనే రాగిపట్టీలను పాడుచేస్తుంది. చేపను మన్నికగా పట్టే సాధనమే పడవ మన్నికకు గండికొట్టింది. ఒకే పడవలో రెండు వస్తువుల బాగు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పంకాకూ షాఫ్టుకూ మధ్య అడ్డంగా ఒక చిన్న పిన్ను ఉంటుంది. పంకా రాతికో మొద్దుకో తగిలినప్పుడు ఆ పిన్ను విరుగుతుంది లేదా వంగుతుంది. మోటారు బ్రతుకుతుంది. పిన్ను బలహీనంగా ఉండటం లోపం కాదు, అది దాని ధర్మం. కొందరు విసుగెత్తి అక్కడ ఉక్కుమేకు కొట్టేస్తారట. అప్పుడు పిన్ను విరగదు, షాఫ్టు వంగుతుంది. రూపాయి పోకుండా చూడబోయి వరహా పోగొట్టుకోవడమన్నమాట.

రెండవ పాఠం బ్యాటరీది. ‘మోటారు చెడిపోయింది’ అని మరమ్మతుకు తెచ్చేవాటిలో మోటారు నిక్షేపంగా ఉండి బ్యాటరీ, తీగలు, బిగింపులు చెడినవి తక్కువేమీ కాదు. కారు బ్యాటరీలో పలుచని రేకులు చాలా ఉంటాయి. ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వడం దాని పని. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చి లోతుగా ఖాళీ కావడానికి మందపాటి రేకులు గల వేరే బ్యాటరీ కావాలి. దానిని కూడా సగానికి మించి తరచుగా ఖాళీ చేస్తే ఆయుర్దాయం తరిగిపోతుంది. పైగా 1897లో పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు సూత్రీకరించిన సంగతి ఒకటి ఉన్నది: సీసపు బ్యాటరీనుంచి ఎంత తొందరగా లాగితే అంత తక్కువ దక్కుతుంది. 55 పౌన్ల త్రోపు గల 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ అయితే కాగితం మీద రెండు గంటలు రావాలి. సరస్సులో అంత రాదు. అదే మోటారును మెల్లగా నడిపి 10 ఆంపియర్లతో సరిపెట్టుకొంటే దాదాపు రోజంతా నడుస్తుంది. నిదానమే ప్రధానమన్న పెద్దల మాటకు ఇది భౌతికశాస్త్ర వ్యాఖ్యానం.

మిన్నెసోటా చలికాలం మరొక పరీక్ష. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీలు క్రిందికి పోవడం వింతకాదు. నిండుగా చార్జి అయిన సీసపు బ్యాటరీలోని ఆమ్లం ఆ చలికి గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి నీటికి దగ్గరవుతుంది కనుక గడ్డకట్టి పెట్టె పగులుతుంది. శరదృతువులో చివరిసారి వేటాడి వచ్చి ‘వసంతంలో చూద్దాంలే’ అని మూల పడవేసినవాని బ్యాటరీకి ఆ వసంతం రాదు.

తీగల మాట కూడా చెప్పాలి. 12 వోల్టుల వద్ద 50 ఆంపియర్లంటే తీగ మందంగా ఉండాలి. సన్నని తీగ వాడితే దారిలోనే వోల్టేజి హరించుకుపోతుంది, తీగ వేడెక్కుతుంది, పడవ నడవదు. నింద మాత్రం మోటారు మీద పడుతుంది.

ఇక మూడవ ఘట్టం అమెరికా దక్షిణభాగంలో జరిగింది. 1960ల ఆరంభంలో మిసిసిపీ రాష్ట్రానికి చెందిన జి. హెచ్. హారిస్ కాలితో త్రిప్పే ట్రోలింగు మోటారును రూపొందించాడు. దానిని తయారుచేసినవారెవరనుకొన్నారు? హెర్షీడ్ అనే గోడగడియారాల కంపెనీవారు. నిలువెత్తు పెట్టె గడియారాలకు పేరుమోసిన ఆ కంపెనీ సిన్సినాటినుంచి మిసిసిపీలోని స్టార్క్‌విల్‌కు తరలి వచ్చి ‘మోటార్‌గైడ్’ అనే మోటారుకు పుట్టిల్లయింది. దీనితో చేతులు రెండూ గాలానికి మిగిలాయి. మోటారు పడవ వెనుకనుంచి ముందుకు మారింది. ఎద్దు బండిని ముందునుంచి లాగితే బండి చెప్పినట్లు వస్తుంది, వెనుకనుంచి నెడితే ప్రక్కకు పోతుంది. పడవ సంగతీ అంతే. 1967లో రే స్కాట్ అర్కాన్సాలోని బీవర్ సరస్సులో 106 మందితో బాస్ చేపల పోటీ నడిపిన తరువాత వేట పందెమయింది. పందెంలో మోటారు ఆగితే పోయేది డబ్బు. నమ్మకమన్న గుణానికి ఆనాటినుంచి వెల కట్టడం మొదలైంది.

1980ల తరువాత వేగాన్ని తగ్గించే పద్ధతి మారింది. అంతకుముందు అవరోధపు తీగచుట్టల ద్వారా కరెంటును వేడిగా వృథా చేసి వేగం తగ్గించేవారు. ఆ తరువాత ఎలక్ట్రానిక్ స్విచ్చి సెకనుకు వేలసార్లు కరెంటును తెంచి కలిపి కావలసినంతే ఇస్తున్నది. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం సామాన్యుల జీపీఎస్‌లో కావాలని చొప్పించిన తేడాను తొలగించింది. 2010 ప్రాంతంలో, గాలి వీచినా పడవను ఒకే చోట నిలిపి ఉంచే మోటార్లు వచ్చాయి. లంగరు పని మోటారుకు పడింది. ఇదివరకు చేప చిక్కగానే విశ్రమించే మోటారు ఇప్పుడు రోజంతా క్షణానికొకసారి కదులుతూ ఉండాలి. 2019లో గార్మిన్, 2023లో మిన్ కోటా బ్రష్షులు లేని మోటార్లను తెచ్చాయి. అరిగే కార్బన్ లేనప్పుడు ఆ అరుగుదల కూడా లేదు. గుడినఫ్ పండితుని ప్రయోగశాలలో 1990లలో వెలువడిన లిథియం-ఇనుము-ఫాస్ఫేటు పదార్థంతో చేసిన బ్యాటరీలు ముప్పై కిలోల సీసపు బరువును పన్నెండు పదమూడు కిలోలకు దించాయి. వేలసార్లు నింపుకొన్నా నిలుస్తున్నాయి. ఆ పండితునికి 2019లో తొంభై ఏడవ ఏట నోబెల్ బహుమతి వచ్చింది. యాకోబీ 1838లో ఓడిన పందెం అంతకాలానికి గెలుపయింది.

మన తీరానికి ఈ మోటారు సరిపడదని వేరే చెప్పనక్కరలేదు. ఉప్పునీరు, విరిగే కెరటం, ఇసుకమీదికి పడవను లాగవలసిన అవసరం మన గంగపుత్రుల నిత్యకృత్యం. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమంవారు మన తూర్పుతీరపు పడవలకోసం, ఒడ్డు చేరేటప్పుడు షాఫ్టునూ పంకానూ పైకి ఎత్తుకొనే డీజిలు ఇంజను అమరికను రూపొందించారు. ఎక్కడ ఏ యంత్రమైనా అడిగేది ఒకే ప్రశ్న: నీరూ యంత్రమూ కలిసే చోటును ఎట్లా కాపాడుతారు? సరస్సులో ఆ కాపు తప్పితే సాయంకాలం పాడవుతుంది. సముద్రంలో తప్పితే ఒక ఇల్లు చీకటవుతుంది.

చివరిగా మళ్ళీ మాట దగ్గరికే వస్తాను. ‘మను’ అంటే బ్రతుకు. ‘మన్ను’ అంటే చిరకాలం నిలుచు. మన్నిక అన్న మాటలో బ్రతుకు ఉన్నది. బ్రతుకులో రెండు విధాలున్నాయి: జబ్బు పడకపోవడం ఒకటి, పడితే కోలుకోవడం రెండవది. పాత మోటారు తరచుగా చెడేది. కాని ఒక స్క్రూడ్రైవరు, రెండు బ్రష్షులు, ఒక సీలు, ఒక పిన్ను ఉంటే యజమానియే ఒడ్డున కూర్చొని బాగుచేసుకొనేవాడు. కొత్త మోటారు అరుదుగా చెడుతుంది. చెడితే మాత్రం లోపలి పలకను తీసి కొత్తది వేయడం తప్ప ఒడ్డున చేయగలిగినది లేదు. మొదటిదానిని ఇంగ్లీషువారు ఒక మాటతో, రెండవదానిని మరొక మాటతో అంటారు గాని, మన ‘మన్నిక’ రెండింటినీ మోస్తున్నది. కొనేవారు తమకు ఏది కావాలో ముందు తేల్చుకోవాలి. రేవు దగ్గర మరమ్మతు కొట్టు ఉన్నవారికి కొత్తది మంచిది. పొలిమేర దాటిన సరస్సులో ఒంటరిగా వేటాడేవారికి, తన చేతితో విప్పి బిగించుకోగలిగినదే మంచిది.

ఏది కొన్నా, నెలకొకసారి పంకా తీసి దారం ఉన్నదేమో చూడండి. తొంభై ఏళ్ళ చరిత్ర చదివి నేను నేర్చుకొన్న సారం ఆ ఒక్క వాక్యం.

స్వస్తి.